పురుషోత్తం గారి యాపిల్ త్రైరాశికం

పామర్రు దగ్గర ఒక పల్లెలో పుట్టి, బందరులో చదివి, బందరులోనే ఉద్యోగం చేసి, బందరులోనే రిటైరైన పురుషోత్తం గారి జీవితంలో చెప్పుకోదగ్గ సంఘటనలు రెండున్నాయి. మొదటిది ముప్ఫై నాలుగేళ్ల పాటు జరిగింది. రెండోది అరవై మూడు నిమిషాల్లో ముగిసింది.

మొదటిది ఆయన ఉద్యోగం. ఏ కార్యాలయమో చెప్పనక్కరలేదు. జూనియర్ అసిస్టెంటుగా ఎక్కి సూపరింటెండెంటుగా దిగారు. ఈ ఎక్కడానికీ దిగడానికీ మధ్య ఆయన చేసిన పనుల్లో జనం నేటికీ తలుచుకునేది ఒక్కటే. మురుగుకాలువ పూడిక తీయించమని దివిసీమ నుంచి వచ్చిన అర్జీని ఆయన పదకొండుసార్లు తిప్పి పంపారు. ఒకసారి హంసలదీవిలో 'దీ'కి దీర్ఘం లేదు. ఒకసారి తేదీ ఎడమవైపు పడింది. ఒకసారి అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అందుచేత అనుమానం వచ్చింది. పన్నెండోసారి అర్జీ రాలేదు. విచారిస్తే, ఆ వానాకాలంలో కాలువే గట్టు తెంచుకుని, తన దారిన తాను సముద్రంలో కలిసిందని తెలిసింది. "చూశారా, మనం తొందరపడి ఉంటే ఎంత అనవసరపు శ్రమ" అని ఆయన ఆఫీసులో అందరికీ చెప్పారు. అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం ఆ ఆఫీసులో సెలవు దొరికే మార్గం.

ఇలాంటి మనిషి రిటైరైతే ఆఫీసుకు మంచిదే. కానీ ఆయన వెళ్లడానికి ఇల్లు తప్ప వేరే చోటు లేదు, ఆ ఇంట్లో అమ్మాజీ గారున్నారు.

అమ్మాజీ గారు పదేళ్ల వయసు నుంచీ వంట చేస్తున్నారు. జీలకర్రను 'టీ పొడి' అని రాసి ఉన్న డబ్బాలో, ఆవాలను ఒక పాత బిస్కెట్ల డబ్బాలో, ఇంగువను ఎవరికీ తెలియని చోట ఉంచి, ముప్ఫై ఆరేళ్లుగా ఏ డబ్బా వైపూ చూడకుండానే పోపు పెడుతున్నారు. పురుషోత్తం గారు రిటైరైన మూడోరోజున వంటింటిని తనిఖీ చేశారు. నాలుగోరోజున డబ్బాలన్నిటికీ చీటీలు అంటించి, కొన్న తేదీని బట్టి సీనియారిటీ ప్రకారం సర్దారు. కందిపప్పుకు పెసరపప్పు జూనియరు కాబట్టి వెనక్కి వెళ్లింది. అయిదోరోజున పొయ్యి ఎదురుగా గోడ మీద ఒక కాగితం వెలిసింది: 'ఆవాలు చిటపటలాడిన పిదప మాత్రమే ఎండుమిరపకాయలు వేయవలెను.'

"ఆవాలు చదువుకోవాలా, మిరపకాయలు చదువుకోవాలా అండీ ఇది?" అని అడిగారు అమ్మాజీ గారు.

"సంబంధిత వారందరూ" అన్నారాయన.

ఏడాదిలో గోడ మీద కాగితాలు పదిహేడయ్యాయి. ఆయన పొద్దున్నే స్టూలు వేసుకుని పొయ్యికి రెండడుగుల దూరంలో కూర్చుని, పప్పు ఎన్నో విజిలుకు దించాలో ప్రకటించేవారు. అమ్మాజీ గారు దేవుణ్ణి ఒక్కటే కోరుకున్నారు. నగలు కాదు, కాశీయాత్ర కాదు. తన వంటిల్లు తనకు తిరిగి ఇప్పించమని.

దేవుడు పెన్షనర్ల సంఘం ఎన్నికల రూపంలో స్పందించాడు.

సంఘానికి ఒక గది ఉంది. గదికి ఒక బల్ల, ఒక ఫ్యాను, ఒక నిబంధన ఉన్నాయి. అధ్యక్షుడు ఆదివారం తప్ప ప్రతిరోజూ పదింటి నుంచి అయిదింటి వరకు ఆ గదిలో అందుబాటులో ఉండాలన్నది నిబంధన. మూడుసార్లు అధ్యక్షుడైన లెక్కల మాస్టారు సోమేశ్వరరావు గారు ఆ నిబంధనను గౌరవిస్తూనే పదకొండింటికి వచ్చి పన్నెండింటికి వెళ్లేవారు. పురుషోత్తం గారు తాను గెలిస్తే పది నుంచి అయిదు వరకు కుర్చీలోంచి లేవనని వాగ్దానం చేశారు. సభ్యుల్లో ఎవరికీ ఈ వాగ్దానం అవసరం లేదు. అమ్మాజీ గారికి మాత్రం అది విన్న రోజున రెండు ముద్దలు ఎక్కువ సయించాయి.

ఓటింగు ఆదివారం సాయంత్రం, సంఘం గదిలో అందరూ పట్టరు కనుక ఈసారి పురుషోత్తం గారి ఇంట్లో, చేతులెత్తే పద్ధతిలో. సోమేశ్వరరావు గారు ప్రతి ఎన్నికకూ వేడివేడి పునుగులు పెట్టి గెలుస్తారని అందరికీ తెలుసు. పురుషోత్తం గారికి షుగరు. సభ్యుల్లో సగానికి పైగా షుగరు. డాక్టరు ఓట్స్ తినమన్నాడు. ఆ జావ తిన్నవాడు డాక్టరును క్షమించడు. కనుక ఓట్స్‌తోనే నోరూరే వంటకమేదైనా చేసి సభ్యుల ఆరోగ్యాన్నీ అభిమానాన్నీ ఒకే పళ్లెంలో సంపాదించాలని ఆయన నిశ్చయించుకున్నారు. గుడివాడలో కాపురముంటున్న కూతురు శ్రీవిద్య కొత్త ఓవెన్ కొనుక్కుని, పాతది పుట్టింటికి పంపింది. ఆయన నెట్‌లో వెతికి, జిరాక్సు షాపులో ప్రింటు తీయించుకొచ్చారు. యాపిల్ క్రిస్ప్. అడుగున యాపిల్ ముక్కలు, పైన ఓట్స్, గోధుమపిండి, బెల్లం, వెన్న కలిపిన పొడి. ఓవెన్‌లో పెడితే అడుగు మెత్తగా, పైన కరకరలాడుతూ వస్తుందట. అమెరికా వాళ్లు ఇంట్లో చేసుకునేది, చిన్నపిల్లలు కూడా చేయగలరని రాసి ఉంది. ఈ చివరి వాక్యం చుట్టూ ఆయన గుండ్రంగా సున్నా గీసి, పక్కన 'చూచితిని' అని సంతకం పెట్టారు.

ఆదివారం మధ్యాహ్నం యాపిల్ ముక్కలు పావు అంగుళం మందం ఉండాలని కాగితంలో చూసి, ఆయన స్కేలు తీశారు. ఆరు యాపిల్స్ కొలవడానికి గంటన్నర పట్టింది. ఈలోగా మొదట కోసినవి ఎర్రబడ్డాయి. "నిమ్మరసం పిండాలేమో అండీ" అన్నారు అమ్మాజీ గారు. నిమ్మరసం కాగితంలో నాలుగో అంశం, కొలవడం ఇంకా రెండో అంశంలో ఉంది, వరస తప్పడం ఆయన చేతుల మీదుగా జరగదు. ముక్కలకు దాల్చినచెక్క పొడి పట్టించి, గిన్నెలో పరిచి, వెన్నను ఓట్స్‌లో వేళ్లతో నలిపి పైన చల్లారు. ఇంతవరకూ నిజంగానే చిన్నపిల్లలు చేయగలిగినట్టే జరిగింది.

తర్వాత అంశం: '350 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు'.

ఓవెన్ నాబ్ మీద అంకెలు 250తో ఆగిపోయాయి.

వేరేవాడైతే కంగారుపడేవాడు, లేదా ఎవరినైనా అడిగేవాడు. పురుషోత్తం గారు చిరునవ్వు నవ్వారు. ఏడో తరగతిలో త్రైరాశికంలో నూటికి నూరు తెచ్చుకున్న మనిషికి లోకంలో తెగని చిక్కు లేదు. పదిమంది కూలీలు ఆరు రోజుల్లో తవ్వే చెరువును అయిదుగురు పన్నెండు రోజుల్లో తవ్వుతారు; మనుషులు తగ్గితే రోజులు పెరుగుతాయి; డిగ్రీలు తగ్గితే నిమిషాలు పెరుగుతాయి. కాగితం తీసుకుని 350ని 45తో హెచ్చించారు. 15,750 వచ్చింది. 250తో భాగించారు. 63. శేషం సున్నా.

ఆ సున్నాయే ఆయన్ను పూర్తిగా నమ్మించింది. శేషం లేకుండా తెగిన లెక్క అబద్ధం చెప్పదని ఆయన మతం.

నాబ్ 250 దాకా తిప్పి, గడియారం ఎదురుగా స్టూలు వేసుకున్నారు. పాతిక నిమిషాలకు అమ్మాజీ గారు గుమ్మంలోకి వచ్చారు.

"ఏవండీ, మాడు వాసన వస్తోంది."

"ఇంకా ముప్ఫై ఎనిమిది నిమిషాలుంది."

"పొగ కూడా వస్తోందండీ."

"వస్తుంది. పని జరుగుతోందనడానికి అదే సూచన."

"మీ ఆఫీసులో ఎప్పుడూ రాలేదే" అన్నారు అమ్మాజీ గారు, కిటికీ తెరుస్తూ.

నలభయ్యో నిమిషంలో పక్కింటి కోటిలింగం గారు, ఆడిట్‌లో రిటైరైన మనిషి, తన కరెంటు మీటరు కాలుతోందనుకుని మెయిన్ ఆపేసుకున్నారు. యాభయ్యో నిమిషంలో వీధిలో కుక్కలు లేచి చెరువు వైపు వెళ్లిపోయాయి. అరవై మూడో నిమిషంలో, ఒక్క క్షణం ముందు కాదు, ఒక్క క్షణం తర్వాత కాదు, పురుషోత్తం గారు ఓవెన్ తలుపు తీశారు.

లోపల ఉన్నదాన్ని పిడక అనవచ్చు, కానీ పిడక ఇంకా మండుతుంది. ఇది ఆ దశ దాటింది.

అప్పటికే సభ్యులు హాల్లో చేరారు, మొత్తం ఇరవై మంది. పడక్కుర్చీలో సోమేశ్వరరావు గారు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని, పైకి సానుభూతిగా, లోపల పండగ్గా కూర్చున్నారు. "ఓట్స్ పెట్టి ఓట్లడగాలనుకున్నాడు మన పురుషోత్తం, రెండూ మాడాయి" అన్నారు. ఆ చివర కూర్చున్నది ఎదురింటి ఎలీసబెతు గారు. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరయ్యారు. ప్రతి డిసెంబరులో కేకు పిండి కలిపి బేకరీకి మోయించి, పొయ్యి దగ్గర నిలబడి కాల్పించుకొచ్చే మనిషి.

వేరేవాడైతే తువ్వాలు కప్పి దాచేవాడు. పురుషోత్తం గారు గిన్నెను తెచ్చి బల్ల మధ్యలో పెట్టి, పక్కన లెక్క కాగితం పెట్టారు.

"మిత్రులారా, వంటకం ఫలితం మీ ఎదుట ఉంది. నేను అనుసరించిన విధానం కూడా మీ ఎదుట ఉంది. విధానంలో దోషముంటే చెప్పండి, పోటీ నుంచి తప్పుకుంటాను."

లోపల గుమ్మం దగ్గర అమ్మాజీ గారి చేతిలో కాఫీ ట్రే ఆగిపోయింది.

ఇక్కడే సోమేశ్వరరావు గారు ఓడిపోయారు. గిన్నెను చూపించి ఊరుకుంటే గెలిచేవారు. కానీ ఎదురుగా లెక్క కనబడితే, ముప్ఫై ఏళ్లు లెక్కలు దిద్దిన మనిషి ఊరుకోలేడు. కాగితం లాక్కుని, కళ్లజోడు తుడుచుకుని, తప్పు పట్టుకుందామని వేలితో ప్రతి అంకె మీదా నడిచారు. మొహం మెల్లగా వాడిపోయింది.

"ఏవండీ మాస్టారూ, తప్పుందా?" అన్నారు కోటిలింగం గారు.

"విలోమానుపాతం. హెచ్చవేత సరిగ్గానే ఉంది."

"భాగహారం?"

"సరిగ్గానే ఉంది."

"శేషం?"

సోమేశ్వరరావు గారు దీర్ఘంగా నిట్టూర్చారు. "సున్నా."

కాగితం చేతులు మారింది. ఇరవై కళ్లజోళ్లు పైకి లేచాయి. జీవితమంతా కాగితం సరిగ్గా ఉందా లేదా అని మాత్రమే చూసిన మనుషులు. కాలువ పారిందా, వంతెన నిలిచిందా అన్నది వాళ్ల సీటుకు ఎన్నడూ రాలేదు. బల్ల మీద బొగ్గు, చేతిలో లెక్క. రెంటిలో ఏది నిజమో వాళ్లకు క్షణం కూడా సందేహం లేకపోయింది. కోటిలింగం గారు జేబులోంచి ఆకుపచ్చ పెన్ను తీసి, అంకెలకు టిక్కులు పెట్టారు. తప్పు ఓవెన్‌దని తేలింది. మూడువందల యాభై డిగ్రీలు ఇవ్వలేని యంత్రాన్ని ప్రజలకు అంటగట్టిన కంపెనీకి సంఘం తరఫున గట్టిగా ఉత్తరం రాయాలని ఒకరు ప్రతిపాదించారు, ముగ్గురు బలపరిచారు.

ఎలీసబెతు గారు ఇక ఉండబట్టలేక గొంతు సవరించుకున్నారు. "అన్నయ్యగారూ, ఒక్కమాట. ఆ మూడువందల యాభై ఏ డిగ్రీలండీ? జ్వరం నూట రెండంటే మనిషి ఉడికిపోతున్నాడని కాదు గదా..."

"ఎలీసబెతు గారూ" అన్నారు అమ్మాజీ గారు, ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ విననంత గట్టిగా. "కాఫీలు అందించాలి, ఒక్కసారి సాయం రండి."

వంటింట్లో, పదిహేడు కాగితాల మధ్య, అమ్మాజీ గారు ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు.

"చెప్పకండి వదినా, మీకు దణ్ణం పెడతాను."

"అది ఫారన్‌హీట్ అమ్మా. మన నాబ్ మీదున్నది సెంటీగ్రేడు, నూటడెబ్బై అయిదు చాలు. చిన్న తప్పే."

"అందుకే చెప్పొద్దంటున్నా. తప్పని తెలిస్తే ఈయన తప్పుకుంటారు. తప్పుకుంటే రేపు పొద్దున్న ఎక్కడ కూర్చుంటారు?"

ఎలీసబెతు గారు స్టూలును చూశారు. గోడను చూశారు. 'ఎండుమిరపకాయలు వేయవలెను' అన్న అక్షరాల దగ్గర కాసేపు ఆగారు.

"గెలిస్తే పది నుంచి అయిదు గదూ?"

"ఆదివారాలు తప్ప."

ఆవిడ ట్రే అందుకుని హాల్లోకి వెళ్లారు. "ఏదో అన్నారు, ఏమిటండీ?" అని పురుషోత్తం గారు ఉదారంగా అడిగారు.

"ఏం లేదండీ. లెక్క బాగుంది అన్నయ్యగారూ" అన్నారావిడ.

చేతులు లేచాయి. పదకొండు, తొమ్మిది. ఎలీసబెతు గారు చెయ్యెత్తి, పక్కన కునుకుతున్న బాలస్వామి గారి చెయ్యి కూడా మెల్లగా పైకెత్తారు. ఆయన కళ్లు తెరిచి, ఎత్తిన చెయ్యి తనదేనని గమనించి, గౌరవంగా అలాగే ఉంచారు.

సోమవారం తొమ్మిదిన్నరకు అధ్యక్షులవారు క్యారేజీ తీసుకుని బయల్దేరారు. ఆయన వీధి మలుపు తిరిగాక అమ్మాజీ గారు గోడ మీద కాగితాలు ఒక్కొక్కటే పీకి, స్టూలును పెరట్లో తులసికోట పక్కన పెట్టారు. పది దాటాక ఎలీసబెతు గారు నాలుగు యాపిల్స్ పట్టుకొచ్చారు. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ, స్కేలు లేకుండా, ఒకటి మందంగా ఒకటి పల్చగా ముక్కలు కోశారు. నిమ్మరసం ఎప్పుడు పిండారో వాళ్లకే గుర్తు లేదు. నూటడెబ్బై అయిదు, నలభై అయిదు నిమిషాలు. అంచుల వెంట రసం బుడబుడలాడుతూ, పైన ఓట్స్ బంగారు రంగులో కరకరలాడుతూ వచ్చింది. ఇద్దరూ గిన్నెలో సగం నిలబడే తినేశారు.

అయిదుంబావుకు పురుషోత్తం గారు ఇంటికొచ్చారు. అమ్మాజీ గారు ఒక కప్పులో పెట్టి ఇచ్చారు. ఆయన ఒక చెంచా నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు నమిలారు.

"అదే ఓవెనా?"

"అదేనండీ."

కంపెనీకి రాయాల్సిన ఉత్తరం చిత్తుప్రతి ఆయన జేబులోనే ఉంది. మూడో పేరాలో ఒక కామా దగ్గర సందేహం తీరక ఆ రోజంతా ఆగింది.

"చూశావా మరి" అన్నారాయన, రెండో చెంచా తీసుకుంటూ. "తీర్మానం సంగతి కంపెనీ వాళ్ల దాకా వెళ్లింది."

"వెళ్లే ఉంటుందండీ" అన్నారు అమ్మాజీ గారు. "రేపు కాస్త ముందుగానే వెళ్తారా?"