బంతిపూల వెనక రేడియేటరు

మొన్న మధ్యాహ్నం భోజనం చేసి కాస్త నడుం వాల్చానో లేదో, శ్రీకాకుళం నుంచి మా బావమరిది ఫోను చేశాడు. వాడు మా అమ్మ తమ్ముడి కొడుకు, నాకన్నా చిన్నవాడేగాని ఇప్పుడు వాడికీ పళ్లూడి, మనవరాలి పెళ్లి చేసే వయసుకి వచ్చాడు. పెళ్లి సంగతి ముందే తెలుసు కాబట్టి ముహూర్తం ఏమైనా మారిందేమో అనుకున్నాను. అది కాదట. "బావా, మన ఎర్రబండి బయటికి తీస్తన్నాం. పెళ్లికొడుకుని అందులోనే ఊరేగిస్తాం" అన్నాడు. నాకు నిద్రమత్తు ఒక్కసారిగా దిగిపోయింది. ఆయిలు మార్చారా, రేడియేటరు విప్పి కడిగారా, రబ్బరు గొట్టాలు కొత్తవి వేశారా, ఇంజిను హెడ్డుకి అతుకుందని ఆ మేస్త్రీకి చెప్పావా అని నేను వరసపెట్టి అడుగుతూ ఉంటే అవతల వాడు నవ్వుతున్నాడు. "అయ్యన్నీ నీకెందుకు బావా, మంచి పంచె కట్టుకొచ్చి అచ్చింతలెయ్యి సాలు" అని పెట్టేశాడు.

నాకెందుకా! ఆ బండి ఇంజిను పగిలిననాడు అందులో కూర్చున్నవాణ్ని నేను. ఆ అతుకు వేయించి, మళ్లీ ప్రాణం పోసి, ఇన్నేళ్లూ దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నవాణ్ని నేను. ఆ అతుకు వేసినాయన పోయి చాలా కాలమైంది, ఆ బండి చేసిన విలాయతీవాళ్లు దాని సామాను చెయ్యడం ఎప్పుడో మానేశారు. ఇంకొక్కసారి అది సలసల మరిగిందా, ఇక దాన్ని బాగుచేసే మనిషి భూమ్మీద లేడు. ఈ ముక్క బావమరిదికి వందసార్లు చెప్పి ఉంటాను.

మీ కాలంలో మీ ఊళ్లల్లో ఏ బళ్లు తిరిగేవో గాని, విజయనగరం చుట్టుపక్కల అలాంటిది అదొక్కటే. మా మావయ్యకి, అంటే ఈ బావమరిది నాన్నకి, రైసుమిల్లు ఉండేది. ఏదో పాత జమీందారీ ఇంటివాళ్లు సామాన్లు తెగనమ్ముకుంటున్నారని తెలిసి బీరువాల కోసం వెళ్లినవాడు, బీరువాలు మర్చిపోయి ఈ కారు తెచ్చుకున్నాడు. కూర్చోడానికి రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు, ముందు బారెడు ముక్కు. దాన్ని పందేల్లో పరిగెత్తడానికి చేశారట. మిల్లుకి ధాన్యం తెచ్చిన రైతులు దాని చుట్టూ తిరిగి చూసి, "ముందరంతా ముక్కే బాబూ, మనిసి కూసోడానికే జాగా నేదు" అని నవ్వేవారు. మావయ్యకి నడపడం వచ్చు, చూసుకోవడం రాదు. ఆ పని నామీద పడింది.

నాకు ఎవరూ నేర్పలేదు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. మిల్లులో ఆయిలింజను దగ్గర నిలబడీ నిలబడీ చెవి కుదిరింది, బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మలు చూసీ, మాటలు కూడబలుక్కునీ మిగతాది తెలుసుకున్నాను. విప్పడం, అరుగు మీద పాతపంచె పరిచి విప్పిన వరసలోనే పేర్చడం, మళ్లీ బిగించడం, అదే నా కాలేజీ. ఇవాళ ఎవడో కుర్రవాడు బండికి కంప్యూటరు పెట్టె తగిలించి, తెర మీద ఏం వస్తే అది చదివి ఆ ముక్క మార్చెయ్యమంటున్నాడు. బండి మూలుగు వినేవాడు లేడు. మనిషికి జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వెయ్యకుండా మందు రాసే డాక్టర్లొచ్చారు కదా, అలాగే ఇదీను.

అలాంటి బళ్లకి ఉన్న గుణం ఏమిటంటే, పరిగెత్తితే బాగుంటాయి, ఆగితే చెడతాయి. మామూలు అంబాసిడర్‌ని చెట్టు కింద వదిలేసి పెళ్లిళ్లూ పురుళ్లూ చూసుకొచ్చి తాళం తిప్పితే గొణుక్కుంటూ లేచేది. ఇది అలా కాదు. వాడినా వాడకపోయినా వారానికోసారి బయటికి తీసి, ఒంట్లో వేడి పుట్టేదాకా తిప్పి తేవాల్సిందే. చాలారోజులు ఆగిపోతే ముందు ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్లోనూ చుక్క ఆయిలు వేసి, హ్యాండిలుతో చేత్తో మెల్లగా తిప్పి, ఆ తరవాతే స్టార్టు చెయ్యాలి. లేకపోతే ఎండిన ఇనుము ఎండిన ఇనుముని కొరుక్కుతింటుంది. స్టార్టయ్యాక కూడా, ఇప్పటివాళ్లలా లేచీ లేవగానే ఎక్సిలేటరు తొక్కి అరిపించకూడదు. ఆయిలు పైదాకా పాకనివ్వాలి. ముసలాణ్ని నిద్రలేపి పరిగెత్తమంటే పరిగెత్తుతాడా? అలాగే దూరం నడిపి వచ్చాక టక్కున ఆపెయ్యకూడదు, నిలబెట్టి కాసేపు ఊరికే తిరగనివ్వాలి. రేడియేటరులో బావినీళ్లు పొయ్యనిచ్చేవాణ్ని కాదు. మా బావినీళ్లతో పప్పే ఉడకదు, లోపల గార కట్టి సన్న గొట్టాలన్నీ పూడుకుపోతాయి. వానాకాలంలో పెంకుల చూరు కింద గోలెం పెట్టి పట్టిన వాననీళ్లు వడకట్టి దాచేవాణ్ని. మా అమ్మ ఆ గోలేన్ని చూసి, "దేవుడికైనా ఇన్ని మడినీళ్లు నేవురా నాయినా" అనేది.

మావయ్యకి సముద్రం పిచ్చి. తెల్లవారి లేచి నాగావళి దాటించి, ఏకబిగిని భావనపాడు దాకా తీసుకెళ్లేవాడు. ఆ రోడ్డు మీద బండి పాడే పాట నాకిప్పటికీ చెవిలో ఉంది. ఇసకలో వలలు ఆరబెట్టుకునే బెస్తవాళ్లు వలలు వదిలేసి వచ్చి చూసేవారు. తిరిగొచ్చాక మావయ్య చేపలకూర తిని పడుకునేవాడు, నేను మంచినీళ్లతో బండి అడుగంతా కడిగేవాణ్ని, ఎందుకంటే ఉప్పుగాలి తగిలిన ఇనుముని ఆ సాయంత్రమే కడగకపోతే అది మర్చిపోదు. ఇప్పుడు బండి కడగడమంటే పైన నురగ పూసి, పక్కన నిలబడి ఫోటో దిగడం.

ఇక నా పెళ్లి. పొందూరు దగ్గర ఊరి సంబంధం. అత్తవారు పెట్టిన సన్నఖద్దరు పంచె కట్టి, నుదుట బాసికం, బుగ్గన చుక్క పెట్టి, నన్ను ఎర్రబండిలో కూర్చోబెట్టారు. నడిపేది నా బావమరిది. అప్పటికి వాడికి నూనూగు మీసాలు. ఎక్కేటప్పుడే చూశాను, బండి ముక్కుకి, సరిగ్గా రేడియేటరుకి గాలి వెళ్లే జాలీ మీద, ఒత్తుగా బంతిపూల దండలు, వాటి మీద మామిడాకులు, వాటి మీద మళ్లీ దండలు. మనిషి మొహం మీద తలగడ పెట్టి అదిమినట్టుంది. తీసెయ్యరా, దానికి ఊపిరాడదురా అన్నాను. "కొత్త పెళ్లికొడుకు మాటాడకూడదు బావా, సిగ్గుపడాల" అన్నాడు వెధవ.

ముందు సన్నాయిమేళం, దాని ముందు తప్పెటగుళ్లవాళ్లు. ప్రతి మలుపులోనూ ఆగి ఆడుతున్నారు, జనం ఈలలు వేస్తున్నారు, పరిగెత్తడానికి పుట్టిన బండి వాళ్ల అడుగు వెనక అడుగేస్తోంది. వైశాఖపు ఎండ ఇంకా దిగలేదు. నా ఎదురుగా అద్దం బిళ్లలో వేడి చూపించే ముల్లు మెల్లగా లేస్తోంది. ముందు కాలిన రంగు వాసన, తరవాత తడిసిన వేడి ఇనుము వాసన. ఇంజిను మాట మారింది. లోపల ఎవరో పళ్లు కొరుకుతున్నట్టు టకటకమంటోంది. ఇంజిను ఆపి తోసుకు వెళ్లండి అని బతిమాలాను. పెళ్లిపెద్దలకి పౌరుషం వచ్చింది. "పెళ్లికొడుకుని తోసుకెల్తే ఊరు నవ్వదేటి?" అన్నారు. పోనీ నేనే దిగి దండలు పీకుదామంటే, మా వైపు ఆచారం మీకు తెలియకపోతే చెబుతాను, అత్తగారు గడప ముందు బిందెడు చన్నీళ్లు కాళ్ల ముందు పోసేదాకా పెళ్లికొడుకు పాదం నేలకి తగలకూడదు. పక్కనే నడుస్తున్న పంతులుగారు నా భుజమ్మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకున్నారు. తెలిసినవాణ్ని నేనొక్కణ్నే, కదలకూడనివాణ్నీ నేనొక్కణ్నే.

ఎలాగో పెళ్లివారి గుమ్మం చేరాం. అప్పటికే ఆవిరి బుసకొడుతోంది. బావమరిది గాభరాపడి దిగి ముక్కు మీది రేకు ఎత్తాడు. ఎదురుగా మా అత్తగారు, కొత్త పట్టుచీర, చేతిలో అప్పుడే తోడిన బావినీళ్ల ఇత్తడి బిందె. ఆవిడకి ఏం చెయ్యాలో తోచలేదు. అల్లుడి కాళ్లేమో తొట్టిలాంటి కారులో, పైనుంచి కనపడవు. జనంలోంచి ఎవడో గడుగ్గాయి అరిచాడు. "ఆయన్ని మోసుకొచ్చిన కాళ్లు కారువే కదేటమ్మా! పాపం పొగలు కక్కుతన్నాది, దానికే పొయ్యి!" వద్దని నేను అరిచిన అరుపు సన్నాయిలో కలిసిపోయింది. ఆవిడ భక్తిగా, మండే పొయ్యి మీద పోసినట్టు, బిందె నీళ్లూ ఎర్రగా కాగిన ఇంజిను నెత్తిన కుమ్మరించింది. ఠప్పుమని ఒక్క చప్పుడు. అందరూ టపాకాయ అనుకుని చప్పట్లు కొట్టారు. పంతులుగారు నా భుజం వదిలి, "ఇక దిగు బాబూ" అన్నారు.

తాళి కట్టేటప్పుడు నా చూపు పందిరి బయట ఉందని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. నిజమే. పెళ్లయిన వారంలోనే పగిలిన ఆ ఇంజిను హెడ్డుని గోనెపట్టాలో చుట్టి, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని విశాఖపట్నం బస్సెక్కాను. అక్కడ పోతఇనుముకి అతుకు వేసే ఒక పెద్దాయన దాన్ని బొగ్గుల్లో మెల్లగా కాచి, అతికి, బూడిదలో కప్పి, దానంతటది చల్లారేదాకా ఎవర్నీ ముట్టనివ్వలేదు. వేడి చెయ్యడం ఎవడైనా చేస్తాడు, చల్లార్చడమే విద్య అన్నాడు. ఇంజిను పగిలింది ఆ బిందె నీళ్లకేనని అత్తగారితో ఆవిడ ఉన్నన్నాళ్లూ అనలేకపోయాను. తన చేతి నీళ్లతో అల్లుడి దిష్టి తీరిందనే ఆవిడ నమ్మకం. ఆ తరవాత ఎవరి పెళ్లికీ ఆ బండి ఇవ్వనివ్వలేదు. మావయ్య పోయాక బావమరిది దాన్ని శ్రీకాకుళం తీసుకుపోయాడు. వెళ్లినప్పుడల్లా చెప్పేవాణ్ని, మరిగితే చచ్చిపోద్దిరా అని. ఈమధ్య మోకాళ్లు మొరాయించి వెళ్లడం తగ్గింది.

అదీ సంగతి. మనవరాలి పెళ్లినాడు, వడకట్టిన వాననీళ్ల డబ్బా, మందపాటి గుడ్డ, కత్తెర సంచీలో సర్దుకుంటుంటే మా ఆవిడ చూసి, "పెల్లికెల్తన్నారా, ఆపరేసన్‌కెల్తన్నారా?" అంది. అందరికన్నా ముందే చేరాం. కళ్యాణమండపం ముందు ఎర్రబండి కొత్తరంగుతో తళతళలాడుతోంది. ముక్కు మీద, నేను అనుకున్నట్టే, గుట్టగా బంతిపూలు. ఇన్నేళ్ల కసి చేతుల్లోకి వచ్చింది. కత్తెర తీసి కోసేస్తున్నాను. పూలు కట్టినవాళ్లు గోల పెడుతూ అడ్డం వస్తే వాళ్ల మీదా అరిచాను. అప్పుడొచ్చాడు బావమరిది, తీరిగ్గా, నవ్వుకుంటూ.

"ఎన్ని కోసినా ఒకటే బావా. ఎనక ఏటీ నేదు."

రేకు ఎత్తి చూపించాడు. రేడియేటరు లేదు, ఫ్యాను లేదు, ఇంజిను లేదు. బూడిదరంగు పెట్టెలు, వాటి మధ్య వేలంత లావు నారింజరంగు వైర్లు. బ్యాటరీ బండి చేసేశారు. నా నోట తిట్టకూడని తిట్లే వచ్చాయి. వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నువ్వే కదేటి సెప్పేవు, ఇంకొక్కపాలి మరిగితే సచ్చిపోద్దని? నువ్వూ రానేకపోతన్నావు. నాకు దాన్ని సూసుకోడం రాదు. అందుకే తీయించీసేను. ఇంజిను ఇంటికాడ బద్రంగా ఉన్నాది" అన్నాడు.

ఊరేగింపు దివ్యంగా జరిగింది. బండి నత్తలా నడిచింది, ఆగమన్నచోటల్లా ఆగింది, చప్పుడు లేదు, వాసన లేదు. నేను కోసిన దండల చోట మళ్లీ దండలు కట్టారు. సంచీలో వాననీళ్లు కదులుతుంటే నేను పక్కనే నడుస్తూ, అలవాటుకొద్దీ బండి ముక్కు వైపు చెవి ఒగ్గి ఉంచాను. లోపల వేడి చూపించే ముల్లు కింద పడుకుని ఉంది. పెళ్లికొడుకు హాయిగా ఫోను చూసుకుంటున్నాడు. ఎవరూ ఎవరి భుజమూ పట్టుకుని నొక్కలేదు.

ఆ సాయంత్రం బావమరిది ఇంటికి వెళితే హాల్లో సోఫాల మధ్య కనపడింది. నా ఇంజినే. నీట్‌గా నల్లరంగు వేసి, పైన దళసరి గాజు పలక పరిచి, బల్ల చేశారు. వచ్చినవాళ్లందరూ ఎంత బాగుందో అంటున్నారు. ఇక దానికి ఆయిలు అక్కర్లేదు, వాననీళ్లక్కర్లేదు, వారానికోసారి దాన్ని తిప్పుకు రావలసినవాడూ అక్కర్లేదు. చెడిపోకుండా చూడమని జీవితమంతా మొత్తుకున్నాను. ఇంతకన్నా బాగా ఎవరు చూస్తారు? అయినా ఒళ్లు మండిపోతూనే ఉంది. మన కాలంలో దేన్నైనా వాడుతూ కాపాడుకునేవాళ్లం. ఇప్పుడు కాపాడటమంటే వాడకుండా పక్కన పెట్టడమయింది. వస్తువులనే అంటున్నాననుకునేరు.

ఎవరూ చూడకుండా గాజు కిందకి చెయ్యి పోనిచ్చి తడిమాను. రంగు కింద, వేలిగోటికి, ఆ అతుకు గీత తగిలింది. ఐసులా చల్లగా ఉంది. బావమరిది కోడలు పొగలు కక్కే కాఫీ గ్లాసు తెచ్చి, "బల్ల మీద పెట్టీయండి తాతగారూ, సెయ్యి కాల్తాది" అంది.

పెట్టలేదు. చేత్తోనే పట్టుకుని, ఊదుకుంటూ తాగాను.