కండువా కింద మన్నింపు

దేవుడున్నాడా అని అడిగితే, మద్రాసు జార్జి టౌన్ మిరపకాయల వర్తకుడు పరంధామయ్య "నాకేం తెలుసు? చూసినోణ్ణి అడుగు" అని కసిరేవాడు. అయినా పంతొమ్మిదివందల యాభైమూడులో రాయపురం కాంపౌండరు అరుళప్పన్ బైబిలు చదివి వినిపిస్తే, శత్రువును ప్రేమించమన్న మాట ఆయనకు తెగ నచ్చేసింది.

ఎదురుకొట్టు నాగలింగంతో ఆరేళ్లుగా మాటల్లేవు. పరంధామయ్యది పాత సరుకని అతను నలుగురిలో అనడమే కారణం. ఒక పొద్దున పరంధామయ్యే వెళ్లి చెయ్యి చాచాడు. గుట్టుగా వేళ్లు నొక్కి ధర చెప్పుకునే వర్తకుల అలవాటు కొద్దీ, దాని మీద కండువా కూడా కప్పాడు.

"నిన్ను మన్నించినా" అన్నాడు.

నాగలింగం కండువా కింద రెండు వేళ్లు నొక్కాడు. "రెండేండ్ల ముందరే నేను నిన్ను మన్నించేసినా, పో."

పరంధామయ్య కండువా లాక్కుని నేరుగా అరుళప్పన్ దగ్గరికి పోయాడు.

"శత్రువును ప్రేమించొచ్చు కాంపౌండరూ. వాడే మనల్ని మన్నించేస్తే ఆ మంట ఓర్చుకునేదెట్ల? దానికి మీ పుస్తకంలో ఏమన్నా ఉందా?"