ఆడబిడ్డ సాక్ష్యం

మా వదినంత మొండిమనిషిని నేను మళ్ళీ చూడలేదు. మా పుట్టింట్లో ఈ మాటను తిట్టుగా అనేవాళ్ళు. నేను మాత్రం ఈ వయసులో కూడా రెండు చేతులూ జోడించి అంటాను.

ఆమెది కుప్పం పక్క పల్లె. మాది పుంగనూరికి రెండు కోసుల దూరంలో మెట్టచేల ఊరు. మా అన్నను చేసుకుని వచ్చిన కొత్తలో ఆమె తెలుగులో అరవం కలిపి మాట్లాడుతుందని మేమంతా నవ్వేవాళ్ళం. నవ్వుతూనే ఇంటిపనీ చేనిపనీ ఆమె నెత్తిన వేశాం. పన్నెండేళ్ళు చాకిరీ చేసింది. పిల్లలు కలగలేదు. రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజుల్లో మా అన్న ఇంకో పెళ్ళికి సిద్ధమయ్యాడు. మొదటి పెళ్ళాంతో తెగదెంపులు చేసుకుని వస్తేనే పిల్లనిస్తామని అవతలివాళ్ళు పట్టుబట్టడంతో కులపెద్దలను పిలిపించాడు.

పెద్దల ముందు మొగుడు ఒక పుల్ల విరిచి పెళ్ళాం చేతిలో పెడితే ఆ పెళ్ళి రద్దయినట్టు. అది మా వాళ్ళ పద్ధతి. ఆడదాని మీద తప్పు లేదని తేలితే మనోవర్తి ఇవ్వాలి. అంటే ఏటా పంట నూర్చాక కళ్ళంలో ఇన్ని రాగులు కొలిచి పోయాలి. వదినకూ అదే ఇస్తామన్నారు. కుప్పం నుంచి వచ్చిన ఆమె అన్నదమ్ములు గంగిరెద్దుల్లా తలలూపారు. ఇంకా గట్టిగా అడిగితే బేరం చెడి, చెల్లెలు తమ గుమ్మంలో వచ్చి పడుతుందేమోనని వాళ్ళ బెంగ.

వదిన ఒప్పుకోలేదు. బతికినన్నాళ్ళూ సంచి పట్టుకుని ఆయన కళ్ళం దగ్గర నిలబడలేనంది. బావి కింద ఉన్న రెండెకరాల్లో ఒక ఎకరా, బావి నీళ్ళలో సగం వంతు కావాలంది. ఆ బావి తన నగలతో తవ్వించిందేనని చెప్పింది.

మా అన్న మొహం కందగడ్డలా అయింది. వేరుశనక్కాయలు అమ్మి తవ్వించానని నిలువునా అబద్ధమాడాడు.

నిజం నాకు తెలుసు. నా పెళ్ళికి ముందటి ఏడాది, తవ్వుతున్న బావికి బండ అడ్డం పడి పని ఆగిపోయింది. వదిన తన గాజులూ కమ్మలూ తీసి ఇచ్చేసింది. పెళ్ళాం నగలు తెగనమ్మాడని ఊరంతా అనుకుంటుందని మా అన్న కంసాలి అంగడికి రాలేదు. వదినా నేనూ పుంగనూరికి నడిచిపోయి అమ్ముకొచ్చాం. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని అన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ కంసాలి తర్వాత కాలం చేశాడు. ఇక సాక్ష్యమంటూ చెప్పగలిగింది నేనొక్కదాన్నే.

పంచాయితీ ముందురోజు మా అన్న పుంగనూరులోని మా అత్తగారింటికి వచ్చి వెళ్ళాడు. నాకప్పుడు ఆరో నెల, తొలిచూలు. నోరు తెరిచావంటే పురిటికి మా గడప తొక్కవద్దని మొహాన్నే చెప్పాడు. అమ్మా నాన్నా అప్పటికే లేరు. పుట్టిల్లంటే నాకు ఆ గడప ఒక్కటే. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, మాట్లాడకూడదని నిశ్చయించుకునే వెళ్ళాను. ఆడవాళ్ళ మధ్యలో తల వంచుకుని కూర్చున్నాను.

పెద్దాయన వదినను అడిగాడు, నగలు అమ్మినప్పుడు చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. వదిన నా వైపు చూసింది. ముందు నా మొహం, తర్వాత నా కడుపు.

"ఎవురూ లేరప్పా," అనింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అన్న మీద కాదు, నా మీద. జన్మంతా తినాల్సిన తిండిని ఆమె ఆ ఒక్క మాటతో వదిలేసుకుంది. అదీ అన్న నన్ను బెదిరించాడని పసిగట్టి, నేను పురిటికి పోవడానికి ఒక ఇల్లు మిగలాలని. లేచి నిలబడ్డాను.

"నేనుండాను. ఆ గాజులు అమ్మేటప్పుడు అంగట్లో ఆయమ్మ పక్కనే కూసోనుండాను," అన్నాను.

మా అన్న నన్ను కొట్టడానికి వచ్చాడు. నాతో వచ్చిన నా భర్త అడ్డం పడ్డాడు. గోలంతా సద్దుమణిగాక పెద్దలు ఎకరా పొలం, రోజు మార్చి రోజు ఎద్దులతో కపిల తోలి బావి నీళ్ళు తోడుకునే హక్కు వదినవేనని తేల్చారు. పెళ్ళి తొందరలో ఉన్న అన్నకు ఒప్పుకోక తప్పలేదు. పుల్ల విరిచి ఇవ్వబోయాడు. వదిన చెయ్యి చాపలేదు. ముందు కాగితం రాసిమ్మంది. అక్షరమ్ముక్క రాని మనిషి ఆ మాట అడిగేసరికి పెద్దలే బిత్తరపోయారు.

మర్నాడు అందరం, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిపే బస్సులో మదనపల్లెకు పోయాం. వకీలు గుమాస్తా రాసిన కాగితాన్ని వదిన రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి చదువుతుండగా ఆపింది. పొలానికి నాలుగు దిక్కులా హద్దులు సరిగానే ఉన్నాయి, బావిలో సగం అన్న మాటే లేదు. అంతమందిమి విన్నాం, ఒక్కరికీ తట్టలేదు. దాన్ని రాయించి, రిజిస్టరు చేయించి, వేలిముద్రలన్నీ పడ్డాక, ఆ ఆఫీసు మెట్ల మీద నిలబడి మా అన్న ముందు చెయ్యి చాపింది. పుల్ల తీసుకుని అవతల పారేసింది. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

మా అన్న అన్నంత పనీ చేశాడు. నాకు తొమ్మిదో నెల పడినా కబురు లేదు. తొలికాన్పుకు పుట్టింటివాళ్ళు తీసుకుపోలేదని మా అత్త రోజూ దెప్పేది. ఒకరోజు పొద్దున్నే ఇంటి ముందు ఎద్దులబండి ఆగింది. బండిలో మెత్తగా గడ్డి పరిచి, పైన బొంత వేసి, వదిన వచ్చింది. తన ఎకరంలో చిన్న కొట్టం వేసుకుంది, నన్ను అక్కడికి తీసుకుపోతానంది.

మా అత్త గడపకు అడ్డంగా నిలబడింది. పుల్ల విరిచాక ఇంకేం మిగిలింది, ఏ వరసన నా కోడల్ని తీసుకుపోతావని నిలదీసింది.

"పుల్ల ఇరిసింది ఆయప్పతో అమ్మా," అనింది వదిన. "ఆడబిడ్డతో నేనేం ఇరవలేదే."

నా పెద్దకూతురు ఆ కొట్టంలోనే పుట్టింది.