నోట్లో నీళ్లు పోసుకుని చేసిన పరిశోధన

కోవిడ్ సెలవుల గొడవ పూర్తిగా సద్దుమణిగిన తర్వాతి ఏడాది జూన్‌లో, బడులు తెరిచిన రోజున, కోడూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరాను. బదిలీల కౌన్సెలింగులో ఆ ఊరిని నేను కోరుకోలేదు, నా వంతు వచ్చేసరికి అది మిగిలింది. గుడివాడలో ఒక బస్సు ఎక్కి, అది దిగి ఇంకో బస్సెక్కి, అదీ దిగి ఆటో ఎక్కి, చివరికి చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలి. ఆ ప్రయాణంలో నేను ఎక్కనిది ఏనుగు ఒక్కటే.

దాన్ని ఏకోపాధ్యాయ పాఠశాల అంటారు. ఒకటి నుంచి అయిదు దాకా తరగతులన్నిటికీ ఒకే టీచరు. హెడ్మాస్టర్ని నేనే, సిబ్బందినీ నేనే. స్టాఫ్ మీటింగు పెడితే అధ్యక్షత వహించి, నన్ను నేను మందలించి, నా సంజాయిషీని నేనే ఆమోదించి, టీ తాగి ముగించేవాణ్ణి. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ గిన్నెలు కడిగి వెళ్లిపోయాక ఆ ఆవరణలో వయోజనుడంటూ నేనొక్కణ్ణే.

మా ఆవిడకి గుడివాడ పోస్టాఫీసులో ఉద్యోగం. శనివారం సాయంత్రం వెళ్లి సోమవారం తెల్లారకముందే బయల్దేరేవాణ్ణి. మిగతా రోజులు కోడూరులో, రొయ్యల మేత అమ్మే దుకాణం మీద అద్దె గదిలో ఉండేవాణ్ణి. ఆ మేత వాసనకి నా చొక్కాలు వాటంతటవే చెరువు వైపు నడిచేవి. బడి వదిలేశాక మర్నాడు బడి గంట కొట్టేదాకా నాతో మాట్లాడే ప్రాణి గోడ మీది బల్లి. అదయినా నేను చెప్పేది పూర్తిగా వినకుండానే సత్యం సత్యమని తలాడించేసేది. మా ఆవిడ ఫోన్లో, తిన్నారా, తిన్నాను, మందులేసుకున్నారా, వేసుకున్నాను. పెళ్లయి పాతికేళ్లు దాటిన వాళ్ల సంభాషణ అంతకన్నా సాగదు.

అలా సాయంత్రమంతా పోగుపడిన మాటలన్నీ పొద్దున్నే బడిలో గేట్లు ఎత్తేసిన బ్యారేజీలా పారేవి. నేను స్వతహాగా హాస్యప్రియుణ్ణి. గుణకారం చెబుతూ అత్తాకోడళ్ల కథ, అది చెబుతూ పెసరట్టు కథ. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వేవారు. దివిసీమలో ఇంత గొప్ప పాఠం ఇంతకు ముందెవరూ చెప్పి ఉండరని నా దృఢమైన అభిప్రాయం. ఆ అభిప్రాయంతో విభేదించే స్టాఫు ఎవరూ లేరు కదా.

ఆ నవ్వుల్లో నవ్వని పిల్ల ఒకతి ఉండేది. దుర్గ, నాలుగో తరగతి. తలుపు పక్కన కూర్చునేది. పేరడిగితే పలికేది కాదు, లెక్క అడిగితే పలక వైపు చూసేది. నాకంటే ముందున్న టీచరు ఆ పిల్లని ప్రత్యేక అవసరాల పిల్లల జాబితాలో చేర్పించి వెళ్లారు. చలికాలంలో మండల కేంద్రంలో వైద్య శిబిరం పెడతారు. డాక్టరు చూసి మాట లోపమని రాస్తే దూరాన హాస్టలున్న ప్రత్యేక పాఠశాలకి పంపొచ్చు. నిజంగా అవసరమున్న పిల్లలకి అది ఎంతో మేలు. కానీ ఈ పిల్లకి అవసరమా కాదా అన్నది ఎవరికీ తెలియదు.

తల్లి కోటమ్మ కోడూరులో చేపలమ్ముతుంది. ఆవిడ బేరమాడితే అవతలి ఒడ్డు వాళ్లు ధర తగ్గించుకోవాల్సిందే, అంత గొంతు. ఒకరోజు గంప దించి గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఆళ్ల నాన్న ఏసెయ్యమంటన్నాడు మేస్టారూ. హాస్టల్లో అన్నీ ఇస్తారంట గదా. ఇస్తారు, కాదన్ను. అక్కడ దీనికి దాహమేస్తే ఎవురికి చెబుద్ది?"

నా దగ్గర అన్నిటికీ ఒక జోకు ఉంటుంది. దీనికి మాత్రం ఆ జాబితా తీసి పిల్ల పేరు మళ్లీ చదువుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా రఫీ మోటారు సైకిల్ మీద వచ్చాడు. రఫీది బందరు. మా చుట్టుపక్కల బడులకి క్లస్టర్ రిసోర్స్ పర్సన్, అంటే పైవాళ్ల మాట మాకూ, మా మాట పైవాళ్లకీ మోసే మనిషి. మా మాట ఎప్పుడూ దార్లోనే ఎక్కడో జారిపోతుండేది. జిల్లా విద్యా శిక్షణ సంస్థ ప్రతి టీచరూ ఒక చర్యాత్మక పరిశోధన చేసి పంపాలందని అతను తెచ్చిన కబురు.

పేరు భయపెడుతుంది గానీ విషయం చిన్నది. మన తరగతిలో మనకున్న ఒక చిక్కు తీసుకోవాలి. కారణం ఇదై ఉంటుందని ఊహించాలి, దాన్ని పరికల్పన అంటారు. మన బోధనలో ఒక మార్పు చేసి, ఏం జరిగిందో గమనించి, దాన్నిబట్టి మళ్లీ మార్చాలి. పరిశోధించేదీ మనమే, పరిశోధనకి గురయ్యేదీ చాలావరకు మనమే.

"మండలం మొత్తం గుణకారంలో దోషాలని రాస్తున్నారు మాస్టారూ," అన్నాడు రఫీ. "మీరూ అదే రాసెయ్యండి. నమూనా నా ఫోన్లో ఉంది, పంపుతా."

నేను దుర్గ పేరు చెప్పాను. రఫీ హెల్మెట్ తీసి పెట్టుకున్నాడు, పెట్టుకున్నది తీశాడు. మాట్లాడని పిల్ల మీద పరిశోధనకి పరిశీలకుడు కావాలి, తరగతి వెనక కూర్చుని చూసే తోటి టీచరు ఒకరుండాలి, మీకెవరున్నారన్నాడు. ఎవరూ లేరు. చివరికి అతనే ఉపాయం చెప్పాడు: ఫోన్లో పాఠం రికార్డు చేసి, సాయంత్రం మీరే వినండి. "ఎలాగూ మీకు సాయంత్రాలు ఖాళీయే కదండీ," అని కూడా అన్నాడు. నిజం చెప్పేటప్పుడు బందరు వాళ్లు కాస్త మెల్లగా చెప్పొచ్చు.

నా మొదటి పరికల్పన, ఆ పిల్ల తలుపు దగ్గర కూర్చోవడం వల్ల గాలి హోరులో పాఠం వినపడటం లేదని. తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాను. మార్పేమీ రాలేదు. ఫోను కిటికీలో, ఆ పిల్లకి దగ్గరగా పెట్టాను.

ఆ సాయంత్రం వెలుతురు ఇంకా ఉండగానే మంచం మీద కూర్చుని విన్నాను. గదిలో ఇంకో మనిషి గొంతు వినపడేసరికి మొదట ప్రాణం లేచొచ్చింది. కాసేపటికి ఆ మనిషి మీద విసుగొచ్చింది. ఊపిరి తీసుకోడేమిటి వీడు అనుకున్నాను. వాన నీళ్లు ఎక్కడికి పోతాయర్రా అని అడిగాడు. అడిగిన నోరు మూయకుండానే, కాలవలోకి, కాలవలోంచి సముద్రంలోకి, అక్కడ చేపలు గొడుగులేసుకుంటాయి అని తనే చెప్పేశాడు. పిల్లలు గొల్లుమన్నారు. ఆ నవ్వుల అడుగున ఏదో గుసగుస. వెనక్కి తిప్పి విన్నాను. చెవికి ఆనించుకుని మళ్లీ విన్నాను.

"మా వాకిట్లోనే ఉంటాయండి."

దుర్గ గొంతు అదేనని అప్పుడు తెలిసింది. జవాబు నిజం. పల్లంలో ఉన్న ఆ వీధిలో వాన నీళ్లు ఎక్కడికీ పోవు, వారాల తరబడి వాకిట్లోనే కాపురముంటాయి. ఆ పిల్ల ఆలోచించుకుని నోరు తెరిచేసరికి నేను సముద్రం దాటి వెళ్లిపోయాను. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఉండాల్సిన జాగా అంతా నేనే ఆక్రమించి పందిరేసుకున్నాను. ఎందుకేసుకున్నానో ఆ గది నాలుగు గోడలూ చూస్తే తెలుస్తుంది.

రెండో పరికల్పన రాయడం తేలిక, ప్రశ్న వేశాక టీచరు ఆగాలని. ఆగడం తేలిక కాదు. నాలుగు మాటలు లోపల కుతకుతలాడుతుంటే నిశ్శబ్దంగా నిలబడటం నా ఒంటికి పడలేదు. మొదటి రోజే చేపల గొడుగులు మళ్లీ బయటికొచ్చేశాయి. అప్పుడొక పద్ధతి కనిపెట్టాను. ప్రశ్న వెయ్యగానే సీసా ఎత్తి నోటినిండా నీళ్లు పోసుకోవడం, మింగకపోవడం. నోట్లో నీళ్లుంటే అత్తాకోడళ్లు బయటికి రాలేరు.

మొదటి రోజు బుగ్గలు పూరించుకున్న నన్ను చూసి పిల్లలు నవ్విన నవ్వుకి కొంగలు లేచిపోయాయి. రెండో రోజు ఫక్కున నేనే నవ్వి ముందు వరసని తడిపేశాను. ఆ వారంలో నేను తాగిన నీటికి దివిసీమ ఆయకట్టు మొత్తానికి వంతులవారీగా నీళ్లు వదలాల్సొచ్చేది. అసలు ఇబ్బంది వేరే ఎదురైంది. నేను వదిలిన జాగాని అయిదో తరగతి మగపిల్లలు క్షణంలో ఆక్రమించారు. ప్రశ్న పూర్తవకముందే అరుపులు. సాయంత్రం వింటే నా గొంతు బదులు వాళ్ల గొంతులు, అంతే తేడా.

చర్యాత్మక పరిశోధనలో ఇదే మర్యాద. మొదటి మార్పు తప్పితే దాచుకోనక్కర్లేదు, దానిమీదే రెండో ఆవృత్తి, అంటే రెండో చుట్టు, మొదలవుతుంది. కొత్త నియమం పెట్టాను: నేను నీళ్లు మింగేదాకా ఎవరూ పలక్కూడదు. మింగాక నేను ఎవరి వైపు చూస్తే వాళ్లే చెప్పాలి. పిల్లలకి అది ఆటైపోయింది, నా గొంతు ముడి కదలడం కోసం కళ్లప్పగించి చూసేవారు. ఆ బడిలో మొట్టమొదటిసారి సముద్రం హోరు వినపడింది. అంతవరకూ అది ఉందనే నేనెరగను.

చాలా రోజుల తర్వాత ఒక పొద్దున దుర్గ వైపు చూశాను. పదిహేడులోంచి తొమ్మిది తీసేస్తే ఎంత అన్నది ప్రశ్న. నీళ్లు మింగాను. ఆ పిల్ల పలక చూసింది, కిటికీ చూసింది. నాకు ఒళ్లంతా నాలుకలు మొలిచాయి. మళ్లీ సీసా ఎత్తాను. అప్పుడు మెల్లగా, ఎనిమిదండి అంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నా నోట్లో నీళ్లున్నాయి కాబట్టి నేనూ ఏమీ అనలేదు. అదే మేలయింది.

శిబిరానికి ఇక ఎన్నో రోజుల్లేవు. రికార్డింగు రఫీకి వినిపిస్తే, మొదటిది విని, "పాఠమా హరికథా మాస్టారూ?" అన్నాడు. ఆఖరిది విని మాత్రం హెల్మెట్ పక్కన పెట్టి, జాబితాలోంచి పేరు తీసే అధికారం మనకి లేదని చెప్పాడు. డాక్టరే తేల్చాలి.

శిబిరం రోజు వరండా నిండా జనం. డాక్టరు గారు కుర్రవాడు, పొద్దుట్నించీ నీరసంగా ఉన్నాడు. నీ పేరేంటమ్మా అని అడిగాడు. దుర్గండి అంది కోటమ్మ. ఏ తరగతి? నాలుగండి, అదీ కోటమ్మే. ఏం తిన్నావు పొద్దున్న? సద్దన్నమండి, చారేసుకుని. డాక్టరు గారు కలం తీశాడు. అంతసేపూ దుర్గ పెదవులు ఒకసారి విచ్చుకోవడం, మూసుకోవడం నేను చూశాను. ఆ పిల్ల మాటకి ఇంట్లో కోటమ్మ అడ్డు, బడిలో నేను.

నా సీసా తీసి కోటమ్మ చేతిలో పెట్టాను. "నోటినిండా పోసుకో అమ్మా. నేను చెప్పేదాకా మింగకు."

"ఎందుకండీ?"

"మందు."

పోసుకుంది. నేనూ పోసుకున్నాను. ఒక చేపలావిడ, ఒక హెడ్మాస్టరు బుగ్గలు ఉబ్బించుకుని ఎదురుగా నిలబడితే డాక్టరు గారు ఒక్క క్షణం మా ఇద్దరి పేర్లూ రాసుకుందామా అన్నట్టు చూశాడు. తర్వాత దుర్గని అడిగాడు, మీ ఇంట్లో ఎంతమందమ్మా అని.

ఆ పిల్ల నేల చూసింది. డాక్టరు గారి కలం కాగితం మీదికి వంగింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. నాకంటే ఆరేడు మెట్లు పైనున్న అధికారి చేతికి చెయ్యి అడ్డం పెట్టడం సర్వీసులో అదొక్కసారే. ఆయనా ఆగాడు. కోటమ్మ కళ్లు బయటికొస్తున్నాయి.

"నాన్న వేటకెళ్తే ముగ్గురమండి," అంది దుర్గ. "వస్తే నలుగురమండి. ఎప్పటి లెక్క చెప్పమంటారు?"

కోటమ్మ మింగబోయి దగ్గింది. డాక్టరు గారు కలం మూసి, ఆ పిల్ల వైపు కుర్చీ జరుపుకుని ఇంకా చాలా అడిగాడు. ప్రతిదానికీ ఆగాడు. జాబితాలో పేరు కొట్టేశారు.

ఆ రోజు గదికి తిరిగొచ్చి బల్లితో ఏమీ చెప్పలేదు. మా ఇంట్లో ఎంతమంది అని నన్నెవరైనా అడిగితే నేనూ ఆగే చెప్పాలి. ఏ రోజు లెక్కో, ఏ ఊరి లెక్కో తేల్చుకుని.

వేసవి సెలవులయ్యాక బడి తెరిస్తే దుర్గ రాలేదు. కోటమ్మ గంపతో వచ్చి సంబరంగా చెప్పింది, మాటలొచ్చేశాయిగా మేస్టారూ, ఇంక ఇంగ్లీషు మీడియంలో ఏసేశాం, అవనిగడ్డలో. రెండు పండుగప్ప చేపలు కూడా ఇచ్చింది. వండిపెట్టే మనిషి లేక రఫీకి ఇచ్చేశాను. పొద్దున్నే ఆ ఇంగ్లీషు బడి పచ్చ వ్యాను మా బడి ముందునుంచే వెళ్లేది. కిటికీలో దుర్గ కనపడేది. చెయ్యి ఊపాలా వద్దా అని ఆలోచించుకునేది. ఆలోచన తెమిలేలోపు వ్యాను మలుపు తిరిగేది. నేను మాత్రం వ్యాను కనపడకుండా పోయేదాకా ఆగేవాణ్ణి.

ఆ తర్వాత కొంతకాలానికి స్వరపేటిక దెబ్బతిని స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. టీచర్లకి అది మామూలు జబ్బు. రోజుకి కాసిని మాటలే వాడమన్నారు, అందుకే మిగిలినవి ఇలా రాస్తున్నాను. రికార్డింగులు జతచేసి పంపిన నా నివేదిక శిక్షణ సంస్థ నుంచి తిరిగొచ్చింది. ఒక్క విద్యార్థిని నమూనాగా చాలదని వ్యాఖ్య. ఆఖరి రికార్డింగు విన్న అధ్యాపకుడు ఫోన్ చేసి, ఫైలు పాడైనట్టుంది మాస్టారూ, సగం పైగా ఏమీ వినపడటం లేదన్నారు. పాడవలేదండి, ఆ వినపడనిదే నేను చేసిన పని అని చెప్పాను.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. నేనూ అనలేదు. నా ఉద్యోగంలో నేర్చుకున్నది అదొక్కటే: ప్రశ్న వేశాక వచ్చే ఖాళీ అడిగినవాడిది కాదు, జవాబు చెప్పాల్సినవాళ్లది.