వెంకటవ్వ కష్టమే పెద్దది

సూరత్ నగరపు వడోద్‌లోని ఆ గల్లీలో ఎవరికి ఏ కష్టం వచ్చినా, అంతకంటే పెద్ద కష్టం వెంకటవ్వకు అప్పటికే వచ్చి వెళ్లిపోయి ఉండేది.

సంపత్ సెల్‌ఫోను ఉధనా స్టేషన్లో ఎవడో కొట్టేశాడు. వెంకటవ్వదైతే సంచికి సంచే పోయిందట. పైగా ఆ దొంగ సంచి తెరిచి చూసి, ఇంత గలీజు సంచి తనకెందుకని వెనక్కి తెచ్చి విసిరి కొట్టాడట. పై అంతస్తు విజయరాణి పప్పు మాడ్చింది. వెంకటవ్వ తన పెళ్లినాడు మగపెళ్లివారి అన్నం మొత్తం మాడ్చిందట. పెళ్లికూతురు వంట చేయడమేమిటని విజయరాణి అడిగితే, అదే కదా తన కష్టం అంది. పక్కింటి పిల్లవాణ్ని కుక్క కరిస్తే, వెంకటవ్వను ఒకేసారి రెండు కరిచాయట. అందులో ఒకదానికి పళ్లు లేవట. పాపం, పని కాక అది ఇంకాసేపు కరిచిందట.

ఈ కష్టాలన్నిటికీ సాక్షి ఆమె మొగుడు లస్మయ్య. ఏళ్ల తరబడి సాంచాల, అంటే మరమగ్గాల, మోత మధ్య నిలబడి బట్ట నేసీ నేసీ ఆయన చెవులు పోయాయి. భార్య చెప్పే కష్టాల్లో ఒక్కటీ ఆయనకు వినిపించేది కాదు. అందరూ తనవైపు చూస్తున్నారంటే ఏదో అడిగి ఉంటారని మర్యాదగా తల ఊపేవాడు. "సూడుండ్రి, ఆయననే ఒప్పుకుంటుండు" అనేది వెంకటవ్వ.

దీంతో గల్లీ జనానికి ఒక అలవాటు వచ్చింది. కాలు బెణికినవాడు కూడా వెంకటవ్వ ఎదురైతే నిటారుగా నడిచేవాడు. జమున కొత్తకోడలిగా జగిత్యాల దగ్గరి పల్లె నుంచి సూరత్ వచ్చిన రోజే మొగుడు సంపత్ ఆమెను పక్కకు పిలిచి జాగ్రత్త చెప్పాడు. "అవ్వకు ఏదీ చెప్పకు. చెప్తే మన కష్టం చిన్నగైతది."

జమున చెప్పలేదు. చెప్పాల్సినంత కష్టం కూడా రాలేదు, ఆ లాక్‌డౌను వచ్చేదాకా.

తొలి కాన్పు పుట్టింట్లో కావాలి కదా. రైలు టికెట్లు తీసుకున్నారు, అమ్మ అక్కడ కారంపొడి కొట్టి, పాత చీరలు ఉతికి ఆరబెట్టి ఎదురుచూస్తోంది. ఇంతలో రైళ్లు ఆగిపోయాయి. సాంచాలు కూడా ఆగిపోయాయి. గల్లీలో మామూలు గొంతుతో మాట్లాడినా వినపడే రోజులు వచ్చాయి. ఆ నిశ్శబ్దం అలవాటు లేని జనం కొన్నాళ్లు ఒకరిమీద ఒకరు ఊరికే అరుచుకున్నారు. లస్మయ్య ఒక్కడికే తేడా తెలియలేదు.

వైశాఖం ఎండల్లో జమునకు ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రిలో ఉంటే రోగం అంటుకుంటుందని తొందరగానే ఇంటికి పంపేశారు. ఇంట్లో పెద్దదిక్కు లేదు, సంపత్ ఉన్నాడు. సంపత్‌కు ఆ రోజుల్లో శానిటైజరే దేవుడు. కొత్తిమీర కట్టకు సబ్బు పెట్టాడు. పాల ప్యాకెట్టును తుడిచాడు, తుడిచిన గుడ్డను ఉడకబెట్టాడు. పాపకు తగిలేది ఏదైనా సరే శానిటైజర్ పడాల్సిందేనని రూలు పెట్టాడు. చదువుకున్నవాడు కాబట్టి, టీవీ కూడా అదే అంటోంది కాబట్టి, జమున అక్షరం పొల్లుపోకుండా పాటించింది.

అసలు కష్టం అక్కడే మొదలైంది. పాప పాలు పట్టలేదు. నోటికి అందించగానే మొహం తిప్పుకుని ఏడ్చేది. ఎలాగో పట్టుకుంటే జమునకు ప్రాణం పోయేంత నొప్పి. పళ్లు బిగించి, భుజాలు చెవులదాకా లాక్కుని, గోడ మీది క్యాలెండర్‌ను చూస్తూ కూర్చునేది. పాప కాసేపు చప్పరించి వదిలేసి మళ్లీ ఏడ్చేది.

అమ్మ ఫోన్లో వెల్లుల్లి తినమంది, మెంతులు తినమంది, తాను పక్కన లేనందుకు ఏడ్చింది. విజయరాణి మెట్ల మీద నిలబడి తన కొడుకు పుట్టినప్పటి సంగతి చెప్పింది. పాలు ఆగేవి కావట, రోజుకు మూడు రవికలు తడిసేవట. అది వింటున్నప్పుడు జమున పొడి రవిక వైపు చూసుకుంది.

టీకాల సెంటర్‌లో నర్సు హంసాబెన్ పాపను తూచి మూతి విరిచింది. పుట్టినప్పటికంటే బాగా తగ్గింది. పాలు సరిగ్గా తాగుతోందా అని మాస్కులోంచే గబగబా గుజరాతీలో అడిగింది. వెనకాల పెద్ద లైను. పక్కన సంపత్. జమున తల ఊపింది. సోమవారం మళ్లీ తీసుకురమ్మని, అప్పటికి పెరగకపోతే డాక్టరమ్మ డబ్బాపాలు రాస్తుందని చెప్పి హంసాబెన్ తర్వాతివాళ్లను పిలిచింది.

డబ్బాపాలు తాగి గల్లీలో ఎంతోమంది పిల్లలు బాగానే పెరిగారు, జమునకు తెలియని సంగతి కాదు. కానీ ఆమెకు తన పాలే ఇవ్వాలని ఉంది. అమ్మ లేదు, ఊరు లేదు, పురుటిస్నానం చేయించే చేతులు లేవు. ఇదొక్కటైనా అనుకున్నట్టు జరగాలని ఉంది. నొప్పి సంగతి ఎవరికైనా చెబితే, ఇదీ చేతకాలేదా అంటారేమోనని భయం.

ఆ సాయంత్రం పాప ఏడుపు విని వెంకటవ్వ మెట్లెక్కి వచ్చింది. మాస్కు గడ్డం కింద ఉంది. సంపత్‌కు భయపడి గడప దాటకుండా, గ్యాలరీలో గోడకు ఆనుకుని నిలబడింది. జమున కొంగు సర్దుకుని, ఎవరూ అడగకముందే అంతా మంచిగనే ఉందని చెప్పేసింది.

"నీకేంది బిడ్డా, నీకు మంచిగనే ఉంటది" అంది వెంకటవ్వ. "కష్టమంటే నాది. మా పెద్దోడు పుట్టినప్పుడు సుక్క పాలు రాలే నాకు. పోరడు గోడను జూసి నవ్వుతుండె, నన్ను జూసి మొకం తిప్పుకుంటుండె."

మొదలైంది అనుకుంది జమున. కానీ చెవి మాత్రం అటే పెట్టింది.

"రవిక తొడుగుతే మంట. మీ తాత తువ్వాల కప్పుకొని తిరిగిన. ఆయన తువ్వాల కోసం ఇల్లంత ఎతికి, ఆఖరికి నా లంగ కట్టుకొని తానానికి వొయ్యిండు."

జమున పెదవులు కదిలాయి.

"పోరడు నోరు తెరుస్తే నాకు పులి నోరు తెరిసినట్టే. ఒకపారి ఆణ్ని మంచం మీద వండవెట్టి గల్లీ సివరిదాంక ఉరికిన."

"ఉరికినవా, అవ్వా?"

"ఉరికిన. ఎందుకురుకుతున్నవే అని ఒకామె అడిగింది. కొడుక్కు పాలియ్యాలె, అందుకే అన్న."

జమున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు నిండాయి. "నాగ్గూడ ఉరకాలనిపిస్తది అవ్వా" అంది మెల్లగా. "పగిలి నెత్తురొస్తుంది. దాని మీద మల్ల శానిటైజర్ రుద్దుతుంటే పానం పోయినట్టైతది."

మెట్ల మీద బట్టలు ఆరేస్తున్న విజయరాణి చేతిలో క్లిప్పు అలాగే ఆగిపోయింది.

"శానిటైజర్ యాడ రుద్దుతున్నవే?" అని అక్కణ్నుంచే అడిగింది.

జమున చూపించింది. పాలిచ్చే ముందు ప్రతిసారీ. పాపకు తగిలేది ఏదైనా సరే అన్నారు కదా మరి.

వెంకటవ్వ నోరు తెరిచింది. గల్లీ పుట్టాక మొదటిసారి, ఎదుటివాళ్ల కష్టానికి మించిన కష్టం ఆమె దగ్గర తయారుగా లేదు. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. దగ్గింది. చివరికి దొరికింది.

"నేను స్టవ్వుల వోసే గాసునూనె రుద్దిన" అంది.

జమున ఇక ఆగలేకపోయింది. పాప ఉలిక్కిపడేంతగా నవ్వింది. ఆ నవ్వులో విజయరాణి మెట్లు దిగి వచ్చి, తన ఫోన్లోంచి హంసాబెన్‌కు వీడియో కాల్ కలిపింది. సంపత్‌ను గ్యాలరీ చివరికి తోలేసి, వెంకటవ్వను గడప బయటే కాపలా ఉంచి తలుపు దగ్గరగా వేశారు. లోపల ఏం జరుగుతోందని లస్మయ్య కింది నుంచి ఊరంతా వినపడేలా అడుగుతుంటే, సంపత్ మాస్కును కళ్లదాకా లాక్కున్నాడు.

హంసాబెన్ విషయం విని నెత్తి కొట్టుకుంది. "కిస్నే బోలా ఉధర్ సానిటైజర్ లగానే కో?"

రాయమన్నదెవరో తెలిసిన ఇద్దరూ తలుపు వైపు చూశారు.

తర్వాత ఆమె తీరిగ్గా, హిందీలో, ఒక్కొక్కటే చెప్పింది. చేతులు కడుక్కుంటే చాలు. అక్కడ సబ్బు వద్దు, శానిటైజర్ అసలే వద్దు. చర్మం ఎండి పగులుతుంది, పాపకు అమ్మ వాసనా తెలియదు. తాగాక రెండు చుక్కలు తన పాలే రాసి ఆరనివ్వాలి. పాప నోరు పెద్దగా తెరిచేదాకా ఆగాలి, మొన ఒక్కటే కాదు, చుట్టూ నల్లగా ఉన్నంతవరకు నోట్లోకి పోవాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి. నొప్పెడితే పీకకుండా, పెదవి మూలన వేలు పెట్టి విడిపించి మళ్లీ పట్టించాలి. గడియారం చూడొద్దు, పాప అడిగినప్పుడల్లా ఇవ్వాలి. ఎంత తాగితే అంత వస్తాయి. సోమవారం తూకం చూద్దాం, మధ్యలో పాప మగతగా ఉన్నా, ఉచ్చ తక్కువైనా వెంటనే ఫోన్ చేయమంది. ఈ నొప్పి సంగతి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగింది. జమున పాప మీది గుడ్డ సర్దింది.

ఫోను పెట్టేశాక విజయరాణి వెంటనే వెళ్లలేదు. గుమ్మం అంచున గోరుతో గీకుతూ నిలబడింది. "మూడు రవికలని చెప్పిన గదా జమునా. ఒక్కటే. అది గూడ బిందెల నీళ్లు ఒలికి తడిసింది. మావోనికి రెండో నెలకెల్లి డబ్బాపాలే." ఆ మాట అన్నాక ఆమె మెట్లెక్కిన తీరు చూస్తే, తలమీది బిందె దింపినట్టే ఉంది.

ఒక్కరోజులో మంత్రమేమీ జరగలేదు. పాప కొన్నిసార్లు పట్టేది, కొన్నిసార్లు జారేది. జమునకు మళ్లీ భుజాలు బిగుసుకునేవి. పాప ఏడిస్తే చాలు, వెంకటవ్వ మెట్లెక్కి వచ్చేది, కొత్త కష్టంతో. పాప తాగుతూ తాగుతూ నిద్రపోయిందా, ఆమె పెద్దోడు ఉగాదికి నిద్రపోతే బోనాలకు లేచాడట. జమునకు రాత్రి నిద్ర లేదా, వెంకటవ్వ నిలబడి నిద్రపోతే చీపురనుకుని అత్త చేయి పట్టుకుని లాగిందట. ఈ మాటల్లో పడి జమున బిగపట్టడం మరిచిపోయేది. ఒకసారి అలా నవ్వుతుండగా ఏదో కొత్త చప్పుడు వినబడి కిందికి చూసింది. పాప గుటక వేస్తోంది. వేసి, ఊపిరి తీసుకుని, మళ్లీ వేస్తోంది. నొప్పి లేదు. జమున కదిలితే ఆ చప్పుడు ఆగిపోతుందేమోనని శిల్పంలా కూర్చుంది. గడప అవతల వెంకటవ్వ కూడా, కథ సగంలో ఉన్నా, నోరు మూసుకుంది.

సోమవారం హంసాబెన్ పాపను కాంటా మీద పెట్టింది. ఒకసారి తీసి మళ్లీ పెట్టింది. ఆ తర్వాత మాస్కు పైన ఆమె కళ్లు చిన్నవయ్యాయి. "బఢియా" అంది. పెరిగింది. డబ్బా అక్కర్లేదు, ఇలాగే సాగనిమ్మంది.

ఇంటికి వచ్చేసరికి గ్యాలరీలో అందరూ దూరం దూరంగా నిలబడి ఎదురుచూస్తున్నారు. లస్మయ్య కూడా పైకి వచ్చాడు. కబురు విని వెంకటవ్వ, తన పెద్దోడికైతే బరువు తగ్గీ తగ్గీ కాంటా మీద పెట్టినా ముల్లు కదల్లేదని మొదలుపెట్టింది. ఏమైందని లస్మయ్య అడిగాడు. పాప బరువు పెరిగింది, పాలు మంచిగా తాగుతోంది అని సంపత్ ఆయన చెవిలో అరిచాడు.

లస్మయ్య మొహం వెలిగిపోయింది. ఆయన మాట్లాడితే వీధి చివరిదాకా వినిపిస్తుంది.

"తాగుతది, ఎందుకు తాగది. మా ముసల్దాని చెయ్యి అసుంటిది. మా పెద్దోడు పుట్టినప్పుడు దీనికి పాలే పాలు. మావోడు తాగంగ గల్లీల పోరలందరికి వట్టింది. గా కిరాణం రాజమల్లు గూడ దీని పాలు తాగి పెరిగినోడే. ఆని తల్లికి జరమొచ్చి పంటే ఈమెనే సాకింది."

వెంకటవ్వ ఆయన్ను మోచేత్తో పొడిచింది. ఇంకా చెప్పమంటోందనుకున్నాడు.

"మోకాళ్లు వాసినయ్, మెట్లెక్కకే అని డాక్టర్ సాబ్ చెప్పిండు. ఇంటదా? రోజు ఎక్కుడు దిగుడు, రాత్రంత మూలుగుడు."

గ్యాలరీ అంతా వెంకటవ్వ వైపు చూసింది. ఆమె మాత్రం ఎదురింటి డాబా మీద ఆరేసిన దుప్పటిని మహా శ్రద్ధగా చూస్తోంది.

"సుక్క రాలేదంటివి గదా, అవ్వా" అంది విజయరాణి.

"రాకుంటేనే కష్టమా?" వెంకటవ్వ తిరగబడింది. "వస్తే ఎంత కష్టమో మీకేమెరుక. గల్లీల ఏ పోరడు ఏడ్సినా నాకే పిలుపు. ఒకడు ఇడిసేసరికి ఇంకొకడు లైన్ల ఉంటుండె. రేషన్ దుకాణం గూడ గంత గనం ఉండదు. మీదంత ఓ కష్టమా?"

జమున పాపను సంపత్ చేతికిచ్చి లోపలికి వెళ్లింది. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీని తెచ్చి గడప ఇవతల, ఫ్యాను గాలి తగిలేచోట వేసింది.

"మోకాళ్లు నొస్తయి. కూసోని మొత్తం చెప్పు అవ్వా."

"నాకేం నొప్పి లేదు" అంది వెంకటవ్వ.

లోకంలోని కష్టాలన్నీ తనవేనన్న మనిషి, ఆ ఒక్కదాన్ని మాత్రం తనది కాదంది. అంటూనే గడప దాటి, జమున భుజం పట్టుకుని, మెల్లగా కుర్చీలో కూర్చుంది.