ఖైరున్నిసా ఆపా కిరాయి లెక్క

మొన్న గిన్నెల దుకాణంలో మా ఆవిడ స్టీలు బిందె మీద పేరు కొట్టిస్తుంటే నేను బయటికొచ్చి నిలబడ్డాను. సన్నటి ఉలి మీద సుత్తె పడే ఆ టిక్కు టిక్కు చప్పుడు నాకు పడదు. "ఏం ఇసిత్రమో నీది! పేరు లేకపోతే ఎవరన్న ఎత్తుకపోరా?" అని ఆమె విసుక్కుంది. ఆ మాట నిజమే, మన దగ్గర పేరు లేని గిన్నె ఊరుమ్మడి సొత్తు. అయినా ఆ చప్పుడు చెవిన పడితే ఖైరున్నిసా ఆపా ముఖం కండ్ల ముందుకొస్తుంది. 

అక్కా అన్నట్టుగా అందరం ఆపా అని పిలిచే ఆమె మహబూబ్‌నగర్‌లో టెంట్ హౌస్ నడిపేది. పెండ్లిళ్లకు షామియానాలు, కుర్చీలు, వంట డేగిశలు, జనరేటరు కిరాయికిచ్చే దుకాణం. తొంభైల మొదట్లో భర్త పోతే షట్టరు తానే ఎత్తింది. డిగ్రీ తప్పి, నాయినతో గొర్ల వెంట పోవడానికి నామోషీపడి తిరుగుతున్న నన్ను పిలిచి పనిలో పెట్టుకుంది. ఆమె మరిదికి ఆ దుకాణం మీద మొదటినుంచీ కన్ను. ఇంటి పెద్దలను కూర్చోబెట్టి మాట ఖాయం చేయించాడు: వచ్చే ఎండాకాలం పెండ్లిళ్లు ముగిసేలోపు దుకాణం నిలదొక్కుకోకపోతే తాళంచెవి అతని చేతికియ్యాలి. పెద్దలు తలలూపారు, ఆపా కూడా ఊపింది. తిరిగొచ్చాక నాతో ఒక్క మాటే అంది. "మొగోడు నడిపితే, నష్టమొస్తే కాలం బాగలేదంటరు. ఆడది నడిపితే చేతగాదంటరు. జర చూస్కుంట పని చెయ్యి, యాదయ్యా."

డేగిశలు, కుర్చీలు ఊర్లో ప్రతి టెంట్ హౌస్‌లో ఉన్నాయి. ఆపాకు కొత్తది కావాలి. అప్పుడే చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేములు వచ్చాయి. బూడిదరంగు తెర, పైనుంచి ఇటుకలు పడుతుంటే కింద పేర్చడం, అంతే ఆట. ఆమె వాటిని కొన్ని తెచ్చి పెండ్లికొడుకు వాళ్లు దిగే విడిది ఇంటికి కిరాయికిచ్చింది. నాకు నవ్వొచ్చింది. "పెండ్లిల ఆటలేంది ఆపా?" అన్నాను. "పిచ్చోడా, ముహూర్తం దాంక పెండ్లికొడుకు దోస్తులేం చేస్తరు? సోడా చల్లగ లేదని, మంచం కిర్రుమంటున్నదని అలుగుతరు. ఆడిపిల్ల తండ్రి కాళ్లు పట్టుకోవాలె. చేతిల ఆట పెడితే నోరు మూస్కుంటరు. గా అలక లేకుండ చేసేదానికే కిరాయి." ఆమె చెప్పినట్టే అయింది. ఆ ఏడు విడిది ఇండ్లల్లో మా ఆటలకు తెగ గిరాకీ.

చలికాలం వచ్చేసరికి అవే ఆటలు పాన్‌డబ్బాల్లో వేలాడాయి, పిల్లల చేతుల్లోకి వచ్చేశాయి. మరిది కూడా ఒకటి కొని, దుకాణం ముందు నిలబడి ఆడుతూ నవ్విపోయాడు. నాకు మండిపోయింది. ఆపా మాత్రం ఉస్కురుమని కూర్చుంది. "అందరిండ్లల్ల చెంచ ఉంటది, యాదయ్యా. పెద్ద డేగిశ ఉండదు. గందుకే డేగిశకు కిరాయి. గీ ఆట చెంచ అయిపోయింది. ఎవరూ కొనలేనిది తేవాలె."

బొంబాయి నుంచి తెప్పించింది. బరువైన మిషన్లు, రంగుల తెర, లోపల దీపం. చీకట్లో కూడా ఆడొచ్చు, ఆటలు మార్చుకోవచ్చు. వాటికోసం ఇంటి పక్కన తన పేరు మీదున్న జాగా అమ్మేసింది. నేను ఒకదాంట్లో కొత్త పెన్సిల్ సెల్లు వేసి ఆడుతుంటే పూట గడవకముందే తెర నల్లబడింది. "అయ్యో, దీని ఆకలికి మనం సరిపోం ఆపా!" అని మొత్తుకున్నాను. ఆమె కండ్లు మెరిశాయి. "గా ఆకలికే ఇండ్లల్ల కొనరు. మనకు జనరేటరున్నది కద! దాని ఆకలే మనకు బర్కత్." కరెంటు పని తెలిసినవాడితో జనరేటరు నుంచి మిషన్లకు తీగలు కలిపే పెట్టె చేయించింది.  పెద్ద పెద్ద కంపెనీలవాళ్లు ఆ మిషన్లలో చూసిన లోపాన్ని ఆమె మా ఊరి పెండ్లిలో లాభంగా చూసింది.

కానీ విడిది ఇంట్లో వస్తువులకు కాళ్లొస్తాయి. గ్లాసులు, గంటెలు మాయమవుతాయి. అందుకే టెంట్ హౌస్‌లో ఏది కొన్నా ముందు పేరు కొట్టించడం రివాజు. ఆపా ఎప్పటిలాగే డేగిశల మీద పేర్లు చెక్కే ముసలాయనను పిలిపించింది. ఆయన మిషన్లను గోనెసంచి మీద బోర్లా పడుకోబెట్టి, ఒక్కోదాని వీపు మీద టిక్కు టిక్కుమని ఆమె పేరు కొట్టాడు. ఎంత ముద్దుగా వచ్చాయో అక్షరాలు! ఆన్ చేసి చూస్తే అన్నీ వెలిగాయి. మా ఇద్దరికీ ఏ అనుమానమూ రాలేదు.

నారాయణపేటలో ఒక పట్టుచీరల సావుకారి బిడ్డ పెండ్లి. పొద్దున్నే ఆపా, నేను విడిదికి పోయి మిషన్లు పంచాం. పెండ్లికొడుకు దోస్తులు ఎగబడ్డారు. కాసేపటికి ఒకడి తెర మీద గీతలు పడ్డాయి. ఇంకొకడిది తెల్లబడింది. చేతులు మారేకొద్దీ, ఊపేకొద్దీ ఒక్కోటి ఆరిపోయింది. జనరేటరేమోనని ఉరికి చూశాను, అది బాగానే ఉంది. ఆట మధ్యలో ఆగేసరికి వాళ్లు రెట్టింపు అలిగారు. సావుకారి చేతులు జోడించి బతిమాలి, ఆపా వైపు తిరిగి, "నా ఇజ్జత్ తీసినవ్ కదమ్మా!" అన్నాడు. ఆపా అందరి ముందూ తలొంచుకుని నిలబడింది. అంతకంటే దుఃఖం నేను చూడలేదు.

రేడియోలు బాగుచేసే ఆయన ఒక మిషను విప్పి చూసి, వీపు మీద వేలు పెట్టాడు. "గీ పేరెవరు కొట్టించిన్రు? సుత్తె దెబ్బలకు లోపల అతుకులు కదిలినయ్. గిది ఇత్తడి కాదు కద." ఆపా ఏడవలేదు. "నా పేరే తిన్నదా వీటిని?" అని మాత్రం అడిగింది. సావుకారి మాట ఊరంతా పాకి, ఆ ఎండాకాలం మిగిలిన పెండ్లిళ్లు చేజారాయి. ఇచ్చిన మాట ప్రకారం తాళంచెవి మరిది చేతిలో పెట్టింది. "ఆడోళ్లకెందుకు గీ యాపారం," అని అతను నా ముందే అన్నాడు. కొట్టాలన్నంత కోపమొచ్చింది నాకు. ఆపా నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

తర్వాత ఆమె కొల్లాపూర్‌లో అక్క ఇంట్లో చేరింది. నేను పట్నంలో సభలకు, పెండ్లిళ్లకు పెద్ద తెరలు, కెమెరాలు కిరాయికిచ్చే పని మొదలుపెట్టాను. కాస్త నిలబడ్డాక ఆమెను చూడటానికి పోయాను. సగమైంది మనిషి, దగ్గు ఆగడం లేదు. బాగున్నవా అని కూడా అడగకుండా, "ఏమిస్తున్నవ్ కిరాయికి?" అంది. చెప్పాను. "జనం కొనగలరా అవి?" "కొనలేరు ఆపా." "ఎందుకు కొనరు?" "కరెంటు మస్తు తింటయ్. నడిపే మనిషి కావాలె. మోసేటందుకు బండి కావాలె." "గవన్నీ నీకున్నయా?" "ఉన్నయ్." "నడుస్తున్నదా?" "నడుస్తున్నది ఆపా, మంచిగ నడుస్తున్నది."

ఆమె గోడకు ఆనుకుంది. తర్వాత చిన్నపిల్లలా నా ముఖంలోకి చూసి, "గట్లయితే నా లెక్కల తప్పు లేకుండె కద, యాదయ్యా?" అంది.

"లేదాపా, లేనే లేదు," అన్నాను గట్టిగా. ఆ వానాకాలమే ఆమె పోయింది. కొత్త తెర కొనే ప్రతిసారీ ఆమె అడిగిన ప్రశ్నలే నన్ను నేను అడుక్కుంటాను. జవాబులన్నీ కుదిరి, పని నడిచి, డబ్బు చేతికొచ్చిన రోజున ఇంట్లో అందరూ సంబరపడతారు. నేను మాత్రం ఒక మూలకు పోయి, "తప్పు లేదాపా," అని మళ్లీ చెబుతాను.