సరుగుడులో వెతికిన జిగురు కాలువ

డిగ్రీ బోటనీ ప్రాక్టికల్‌లో నేను ఒకసారి ఫెయిలయ్యాను. పైన్ చెక్కను బ్లేడుతో పల్చగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద అందులోని జిగురు కాలువలు చూపించాలి. నా కోత మందంగా ఉందని ఎగ్జామినర్ పెదవి విరిచారు. రెండోసారీ తప్పితే ఇక బోటనీ మానేద్దామనుకున్నాను.

పెదపాడు దగ్గర మా ఊళ్లో పైన్ ఎక్కడ దొరుకుతుంది? కాలేజీ సీసాలో ఉన్న ముక్కలు పరీక్షకే సరిపోవు. మా చేపల చెరువు గట్టున మాత్రం సరుగుడు చెట్లున్నాయి. సూదుల్లాంటి ఆకు, గరుకు కాయలు, అచ్చం పుస్తకంలో బొమ్మే. ఇదీ ఆ జాతేనని నాకు నేనే తీర్మానించేసుకున్నాను.

మూడు వారాలు ఆ కొమ్మలే కోశాను. తాడేపల్లిగూడెం కాలేజీకి స్లైడులు పట్టుకెళ్లి, భోజనాల వేళ ల్యాబులో ఎవరూ లేనప్పుడు మైక్రోస్కోపు కింద పెట్టి చూసుకునేదాన్ని. రంధ్రాలు బోలెడు. కానీ కాలువ చుట్టూ ఉండాల్సిన, జిగురు ఊరే పల్చటి కణాల వరస ఒక్కదానికీ లేదు. నా బ్లేడే దాన్ని చింపేస్తోందని కుమిలిపోయాను. మా బోటనీ మేడంని ఒక్క మాట అడగొచ్చు. నాకు నామోషీ.

పరీక్ష నాలుగు రోజులుందనగా చెరువు నీళ్లకి గాలి పట్టించే కొత్త ఏరేటర్ వచ్చింది. నాన్న దాని చెక్కపెట్టె విప్పి, చేతులు పంచెకి తుడుచుకున్నారు.

"ఏం చెక్కోనమ్మా, చేతికి బంకలా అంటుకుంటోంది."

వాసన చూశాను. పెయింటర్లు వాడే టర్పెంటైన్ వాసన! అది తీసేది పైన్ జిగురు నుంచే. ఒక ముక్క చీల్చి, నీళ్లలో ఉడికించి కోశాను. మర్నాడు ల్యాబులో చూస్తే, వరసగా పేర్చిన కణాల మధ్య ఒక ఖాళీ, దాని చుట్టూ గట్టు కట్టినట్టు పల్చటి కణాలు. సంతోషం పట్టలేక కేక పెట్టాను. మేడం పరుగున వచ్చి అది చూసి, పక్కనున్న నా పాత స్లైడు కూడా పెట్టి చూశారు.

"ఇదేం చెక్కమ్మా?"

"సరుగుడండీ."

"అది పూలు పూసే చెట్ల జాతమ్మా, పైన్‌తో చుట్టరికమే లేదు. లేని కాలువ ఎలా కనిపిస్తుంది? కోత మాత్రం ఎంత పల్చగా ఉందో!"

తప్పు నా చేతిది కాదు. అక్కడే స్టూలు మీద కూర్చుని హాయిగా ఏడ్చేశాను.

పరీక్ష రోజు ఎగ్జామినర్ నా స్లైడు చూసి, తలెత్తి మళ్లీ చూశారు.

"చెయ్యి బాగా కుదిరిందమ్మా. పైన్ మీద చాలా సాధన చేసినట్టున్నావే?"

"లేదండీ, సరుగుడు మీద" అన్నాను.